క్యాసెట్ పోయినా బొమ్మ మిగలాలి

వీడియో క్యాసెట్‌లో బొమ్మ ఉండదు. సినిమా ఫిల్మ్ ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ముఖాలు చిన్నగానైనా కనిపిస్తాయి. నూరేళ్ల తర్వాత దొరికినా సరే, ఒక దీపం, ఒక భూతద్దం ఉంటే చాలు. వీడియో టేపును ఎంతసేపు చూసినా నిగనిగలాడే గోధుమరంగు పట్టీయే కనిపిస్తుంది. అందులో ఉన్నదల్లా ఇనుప ఆక్సైడ్ రేణువులు ఏ వైపుకు అయస్కాంతీకరణ చెందాయన్న సమాచారం. దాన్ని బొమ్మగా మార్చేది వీసీఆర్. ఆ యంత్రాన్ని చివరిదాకా తయారు చేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. విడిభాగాలు దొరకడం కష్టమైందన్నది అది చెప్పిన కారణాల్లో ఒకటి. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఏ వీసీఆర్ పనిచేస్తున్నా అది పాతదే, వాడిన కొద్దీ అరిగిపోయేదే.

పాత టీవీ కార్యక్రమాలను క్యాసెట్ల మీద దాచుకున్నవాళ్లు ఏం ఉంచుకోవాలి, ఏం వదిలెయ్యాలి? ముందు టేపు ఎలా పనిచేస్తుందో చూస్తే జవాబు సులువవుతుంది.

ఆడియో క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున, సిగ్నల్‌ను రాసే, చదివే హెడ్ ముందు నుంచి జారుతుంది. మన చెవికి వినిపించే ధ్వనుల పౌనఃపున్యం 20 వేల హెర్ట్జ్‌లు దాటదు కనుక ఆ నడక సరిపోతుంది. టీవీ బొమ్మకు 50 లక్షల హెర్ట్జ్‌ల దాకా కావాలి. టేపునే అంత వేగంగా లాగేద్దామనుకున్నవాళ్లూ ఉన్నారు. బీబీసీ ఇంజినీర్లు తయారుచేసి 1958లో ప్రేక్షకులకు చూపించిన ‘వేరా’ యంత్రంలో టేపు సెకనుకు ఐదు మీటర్లకు పైగా పరుగెత్తేది. అర మీటరు వ్యాసమున్న చుట్ట కూడా పదిహేను నిమిషాల్లో అయిపోయేది. అమెరికాలో యాంపెక్స్ సంస్థలో చార్లెస్ గిన్స్‌బర్గ్ బృందం అంతకు ముందే వేరే దారి పట్టింది. టేపును మెల్లగా నడిపి, హెడ్‌నే గిరగిరా తిప్పింది. ఆ బృందంలోని కుర్రవాడు రే డాల్బీ పేరు ఆ తర్వాత సినిమా హాళ్ల శబ్దం ద్వారా లోకమంతా తెలిసింది. 1956లో వచ్చిన వాళ్ల యంత్రంలో రెండంగుళాల టేపుకు అడ్డంగా నాలుగు హెడ్‌లున్న చక్రం నిమిషానికి 14,400 సార్లు తిరిగేది. ఆ నవంబరు 30న సీబీఎస్ వార్తలు తొలిసారిగా టేపు మీద నుంచి ప్రసారమయ్యాయి.

మన ఇళ్లకు వచ్చిన వీహెచ్ఎస్‌ను జేవీసీ కంపెనీ 1976లో తెచ్చింది. మూలంలో ఉన్నది అదే ఊహ. టేపు వెడల్పు అరంగుళం, మందం ఇంచుమించు 20 మైక్రాన్లు. మూడు గంటల క్యాసెట్‌లో దాని పొడవు 250 మీటర్లకు పైమాటే. క్యాసెట్ పెట్టగానే వీసీఆర్ డెక్ ఆ టేపును బయటికి లాగి, హెడ్‌లు బిగించిన, కాస్త వాలి ఉన్న 62 మిల్లీమీటర్ల డ్రమ్ముకు చుడుతుంది. మన దేశం వాడిన పాల్ పద్ధతిలో డ్రమ్ము సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. టేపు నడక సెకనుకు 2.34 సెంటీమీటర్లే. అయినా హెడ్ టేపును రాసుకుంటూ వెళ్లే వేగం సెకనుకు దాదాపు ఐదు మీటర్లు. వేరా సాధించిన వేగం ఇంచుమించు ఇంతే, కానీ అది మింగిన టేపులో రెండు వందల వంతుల్లో ఒక వంతు కూడా దీనికి అక్కర్లేదు. ఈ లెక్క చూసినప్పుడల్లా ఆ ఇంజినీర్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

డ్రమ్ము ప్రతి అర చుట్టుకూ ఒక హెడ్ టేపు మీద ఒక ఏటవాలు గీత గీస్తుంది. దుక్కి దున్నిన చేలో చాళ్లలాగా ఈ గీతలు ఒకదాని పక్కన ఒకటి పడతాయి, మధ్యలో ఖాళీ ఉండదు. ఒక్కో చాలు వెడల్పు 49 మైక్రాన్లు. ఒక చాలులోని సిగ్నల్ పక్కదానితో కలిసిపోకుండా ఒక హెడ్ చీలికను ఆరు డిగ్రీలు ఇటు, రెండోదాన్ని ఆరు డిగ్రీలు అటు వంచి పెట్టారు. బొమ్మ చెదిరినప్పుడు మనం ట్రాకింగ్ బటన్ తిప్పేవాళ్లం కదా, దానితో జరిగేది హెడ్ తన చాలులోకి తాను వచ్చి చేరడమే.

టేపు మీద నమోదయ్యే అతి చిన్న తరంగం పొడవు దాదాపు ఒక మైక్రాన్. హెడ్‌కూ టేపుకూ మధ్య ఒక తరంగమంత ఎడం వచ్చినా సిగ్నల్ సుమారు 55 డెసిబెల్స్ పడిపోతుంది. అంటే ఐదు వందల వంతుల్లో ఒక వంతు కూడా మిగలదు. మామూలు దుమ్ము కణం అంతకు ఎన్నో రెట్లు పెద్దది. తెర మీద తెల్ల గీతలు అందుకే వచ్చేవి, హెడ్‌ను మాటిమాటికీ తుడవాల్సి వచ్చేదీ అందుకే.

ఇంత కష్టపడి పట్టిన బొమ్మల్ని పట్టినవాళ్లే చెరిపేశారు. 1960, 70లలో బీబీసీ వందలాది కార్యక్రమాల టేపులను చెరిపి మళ్లీ వాడుకుంది. టేపు ఖరీదైనది, పునఃప్రసారాలకు నటుల ఒప్పందాలు అడ్డు, ప్రేక్షకులకు క్యాసెట్లు అమ్మే వ్యాపారం అప్పటికింకా పుట్టలేదు. అలా పోయిన ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లలో తొమ్మిదింటి ఫిల్మ్ కాపీలు 2013లో నైజీరియాలోని జోస్ నగరంలో దొరికాయన్న వార్త వెలువడింది. 1967లో అమెరికాలో తొలి సూపర్ బౌల్ ఫుట్‌బాల్ పోటీని రెండు నెట్‌వర్క్‌లు ప్రసారం చేస్తే రెండింటి దగ్గరా పూర్తి రికార్డు మిగల్లేదు. ఎన్నో ఏళ్ల తర్వాత పెన్సిల్వేనియాలో ఒక ఇంటి అటక మీద, ఎవరో ఆనాడు సొంతంగా రికార్డు చేసుకున్న టేపులు బయటపడ్డాయి. అందుకే క్యాసెట్లు కూడబెట్టేవాళ్లను పిచ్చివాళ్లుగా చూడటం నాకు సమ్మతం కాదు.

ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే ఆమె ఉండేవారు. ఒకప్పుడు గ్రంథాలయంలో పనిచేశారు, పౌరహక్కుల ఉద్యమంలో తిరిగారు. 1979లో ఇరాన్ బందీల సంక్షోభం మొదలైన దగ్గర్నుంచి ఆమె ఇంట్లో వీసీఆర్‌లు రాత్రింబవళ్లు వార్తల్ని రికార్డు చేస్తూనే ఉన్నాయి. ఒక్కో కాలంలో ఎనిమిది డెక్‌లు ఒకేసారి నడిచేవి. క్యాసెట్ నిండే వేళకు ఇంట్లో ఎవరో ఒకరు మార్చాల్సిందే. 2012 డిసెంబరులో ఆమె కన్నుమూసేనాటికి దాదాపు 70 వేల క్యాసెట్లు పోగయ్యాయి. తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్ వాటిని తీసుకుంది. ఒకే ఘటనను నాలుగు చానళ్లు అదే నిమిషంలో ఎలా చెప్పాయో ఈ క్యాసెట్లలో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఏది ముఖ్యమో ముందే తేల్చుకుని రికార్డు చేసి ఉంటే ఆ అవకాశం ఉండేది కాదు.

మన దగ్గర హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. రంగుల ప్రసారం 1982లో వచ్చింది. సొంత వీసీఆర్ ఉన్న ఇళ్లు తక్కువ. మిగిలినవాళ్లు టీవీ, డెక్ ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, చుట్టుపక్కలవాళ్లను పిలిచి తెల్లవారేలోగా మూడు సినిమాలు చూసేవారు. టీవీ వార్తలు ప్రభుత్వం చేతిలోనే ఉన్న ఆ రోజుల్లో ‘న్యూస్‌ట్రాక్’ అనే వీడియో పత్రిక 1988 నుంచి క్యాసెట్ల మీదే వార్తా కథనాలు అందించింది. మొదటి తెలుగు టీవీ న్యూస్ రీడర్ శాంతిస్వరూప్ 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన బులెటిన్ ఏ ఇంటి క్యాసెట్ చివరో, సీరియల్ అయిపోయాక రికార్డింగ్ ఆపడం మరిచిపోయిన నాలుగు నిమిషాల్లో ఉండవచ్చు. నా దృష్టిలో ఆ క్యాసెట్‌లో విలువైనవి ఆ నాలుగు నిమిషాలే. ప్రకటనలు, అనౌన్సర్ మాటలు, ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ బోర్డు లాంటివి ఎవరూ కావాలని దాచలేదు.

ఈ క్యాసెట్లకు ముప్పు రెండు వైపుల నుంచి వస్తోంది. ఒకటి తేమ. పాలియెస్టర్ పట్టీ గట్టిదే కానీ, రేణువుల్ని దానికి పట్టి ఉంచే పాలీయురెథేన్ జిగురు గాలిలోని తేమకు విడిపోయి జిగటగా మారుతుంది. ఈ జబ్బు పాత స్టూడియో టేపుల్లో ఎక్కువ. భాండాగారాల్లో అలాంటి టేపును 50 డిగ్రీల దరిదాపుల్లో గంటల తరబడి వెచ్చబెట్టి, అది కాసేపు కోలుకోగానే కాపీ తీస్తారు. ఇంట్లో చేయదగ్గ పని కాదది. మన తీర జిల్లాల్లో ఇంటి క్యాసెట్‌కు అసలు శత్రువు బూజు. క్యాసెట్ కిటికీలోంచి చూసినప్పుడు టేపు చుట్ట అంచున తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని డెక్‌లో పెట్టకండి. బూజు హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది.

రెండో ముప్పు యంత్రాల కొరత, ఇదే పెద్దది. మాగ్నెటిక్ టేపులను వినిపించే, చూపించే యంత్రాలు 2025 ప్రాంతానికి అరుదైపోతాయని యునెస్కో, అంతర్జాతీయ ధ్వని, దృశ్య భాండాగారాల సంఘం 2019లో చేపట్టిన కార్యక్రమం హెచ్చరించింది. ఆ గడువు వచ్చేసింది.

కాపీ తీయించేటప్పుడు దుకాణంలో అడగాల్సిన మాట ఒకటుంది: టైమ్ బేస్ కరెక్టర్ ఉందా? పాల్ బొమ్మలో ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లే సమయం. సాగిన టేపు, అరిగిన మోటారు ఆ సమయాన్ని అటూ ఇటూ జరుపుతాయి. ఈ పరికరం సిగ్నల్‌ను తన మెమరీలో పెట్టుకుని మళ్లీ సరైన వేళకు వదులుతుంది. అది లేకపోతే కంప్యూటర్ మధ్యమధ్య ఫ్రేములు జారవిడుస్తుంది. అమెరికాలో ఉండే మనవాళ్ల ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఇక్కణ్నుంచి వెళ్లిన పెళ్లి క్యాసెట్ 625 గీతల పాల్, అక్కడ రికార్డు చేసుకున్నది 525 గీతల ఎన్‌టీఎస్‌సీ. రెండూ ఆడే డెక్ అయినా ఉండాలి, రెండు వేర్వేరు డెక్‌లైనా ఉండాలి.

పదిహేను ఇరవై ఏళ్ల కిందట పెళ్లి క్యాసెట్లను డీవీడీకి ఎక్కించుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఆ డీవీడీని ఇవాళ ఒకసారి ఆడించి చూడండి. ఇంట్లో రాసుకునే డీవీడీలో రంగు పొర కాలంతో చెడుతుంది. కొత్త కంప్యూటర్లలో డిస్క్ డ్రైవే రావడం లేదు. టేపు నుంచి టేపుకు తీసిన ప్రతి కాపీలోనూ కొంత నాణ్యత పోయేది. డిజిటల్ ఫైలును ఎన్నిసార్లు కాపీ చేసినా ఏమీ పోదు. కాబట్టి టేపు నుంచి బయటికి తీసే ఆ ఒక్కసారే శ్రద్ధ పెట్టాలి. కుదింపు లేకుండా తీస్తే గంటకు 75 గిగాబైట్లు అవుతుంది. కుదింపుతోనే పనిచేసే డీవీ పద్ధతిలో 13 చాలు, ఇంటి క్యాసెట్లకు అది బాగానే సరిపోతుంది. ఫైలును మాత్రం కనీసం రెండు చోట్ల ఉంచాలి.

ఇక వదిలెయ్యాల్సినవి. మంచి ప్రింట్ దొరికే సినిమాల క్యాసెట్లను మొహమాటం లేకుండా వదిలెయ్యండి. వీహెచ్ఎస్‌లో అడ్డంగా కనిపించే వివరం 240 గీతలకు మించదు. దాన్ని దాచి పెట్టుకుంటే దక్కే అదనపు బొమ్మేమీ లేదు. అయితే పైన అంటించిన పేరు చూసి నిర్ణయించకండి. వెనక చిన్న ప్లాస్టిక్ రెక్క విరిచిన చోట సెలోటేపు అంటించి ఉందంటే, దాని మీద మరోసారి ఏదో రికార్డు చేశారన్నమాట. చివరిదాకా ఆడించి చూశాకే తీసెయ్యండి. తీసేసినవాటిని కాల్చకండి, ఆ ప్లాస్టిక్ పొగ మంచిది కాదు. ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. పనిచేసే డెక్‌ను మాత్రం పాత సామాన్లవాడికి వేయకండి. ఇప్పుడు దొరకనిది అదే.

1980, 90లలో టీవీ నుంచి రికార్డు చేసిన క్యాసెట్ మీ అటక మీద ఉంటే, వచ్చే వానాకాలం లోపు దాన్ని ఫైలుగా మార్పించండి.