మాయాబజార్ గ్యాడ్జెట్ల రివ్యూ: 1957 మోడల్, ఇప్పటికీ టాప్

ఆల్‌టైమ్ ఫేవరెట్ కామెడీ సినిమా ఏదంటే ఎక్కువమంది అహ నా పెళ్ళంట, వెంకీ, జాతిరత్నాలు అంటారు. నా ఓటు మాత్రం మాయాబజార్‌కే. ఎందుకంటే అది పక్కా గ్యాడ్జెట్ల కామెడీ. పైగా మన ఉమ్మడి కృష్ణా జిల్లా సరుకు! ఎన్టీఆర్‌ది నిమ్మకూరు, ఏఎన్నార్‌ది గుడివాడ దగ్గర రామాపురం, ఎస్వీఆర్ పుట్టింది నూజివీడులో.

ప్రియదర్శిని పేటిక

మూత తీస్తే అచ్చం ల్యాప్‌టాప్. తెరిచినవాళ్ల మనసులో ఏముందో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు తెరిస్తే శకుని! పాస్‌వర్డ్ లేదు, ఫింగర్‌ప్రింట్ లేదు. చుట్టూ ఉన్నవాళ్లందరూ చూసేస్తారు. ప్రైవసీ సున్నా.

నవ్వొచ్చిందా? అయితే మీ ఫోన్ అన్‌లాక్ చేసి, యూట్యూబ్ హోమ్ పేజీ తెరిచి మీ పెద్దమ్మ చేతికివ్వండి చూద్దాం. ఇవ్వలేరు కదా! అయితే ఒక తేడా ఉంది. పేటిక మన మనసును చూపిస్తుంది. ఫోన్ మాత్రం రాత్రి 2 గంటలకు మన వేలు ఎక్కడ ఆగిందో దాన్ని బట్టి చూపిస్తుంది. అదే మన ఇష్టమని మనమూ నమ్మేస్తాం. చిక్కంతా అక్కడే.

గిల్పం, గింబళి

స్మార్ట్ ఫర్నిచర్. పేర్లు మాటల రచయిత పింగళి నాగేంద్రరావుగారి సృష్టి. గింబళి తనంతట తానే చుట్టుకుంటుంది, గిల్పం ఎక్కినవాళ్లను కుదురుగా కూర్చోనివ్వదు. పాపం శర్మ, శాస్త్రులకు యూజర్ మాన్యువల్ ఎవరూ ఇవ్వలేదు. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని రోజుల్లో మార్కస్ బార్ట్లే కెమెరా చేసిన మాయ ఇది.

సత్యపీఠం

ఎక్కి మాట్లాడితే నిజమే బయటికొస్తుంది. క్లైమాక్స్‌లో శకుని కౌరవుల ప్లానంతా తన నోటితోనే చెప్పేస్తాడు. ఫోన్ కంపెనీల లాంచ్ ఈవెంట్లలో స్టేజీ మీద ఇదొకటి వేస్తే బాగుండు. బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో అప్పుడు తెలుస్తుంది!

మా తీర్పు

డైరెక్టర్ కేవీ రెడ్డి ఈ వస్తువులను గొప్పలకు పెట్టలేదు. ప్రతిదీ ఎవరో ఒకరి గుట్టు బయటపెడుతుంది, అందుకే నవ్వొస్తుంది. 2010లో రంగులద్దిన వెర్షన్ వచ్చింది కానీ, నేను బ్లాక్ అండ్ వైట్‌దే చూడమంటాను. అదీ ఫోన్‌లో ఒక్కరే కాదు, టీవీలో ఇంటిల్లిపాదీ. అప్పుడు ఎవరి ఫీడ్ ఏంటన్న గొడవే ఉండదు.