ఆల్బర్టా ఛాయాపటములు

కాల్గరీ నగరమునకు ఉద్యోగమునకై పోయి అచ్చటనే స్థిరపడిన మా మిత్రులొకరు తాము తీసిన ఛాయాపటములు కొన్ని మాకు పంపినారు. కాల్గరీ కెనడా దేశపు పడమటిభాగమున ఆల్బర్టా రాష్ట్రములోని పెద్ద నగరము. దానికి తూర్పున కనుచూపు మేర గోధుమచేలును పచ్చికబయళ్లును. పడమట మోటారుబండిపై గంట ప్రయాణము చేసిన రాకీ పర్వతములు. ఈ పటములలో విశేషమేమియు లేదని మిత్రులే వ్రాసినారు. మంచు త్రోసివేసిన వాకిలి, బడిబండికై నిలిచిన పిల్లలు, పసుపు పూచిన చేను, కొండల నడుమ నీలపు సరస్సు, పట్టాలు లేని రైలుకట్టపై ఒంటరిగా నిలిచిన పొడవైన కొయ్యకట్టడము. సరస్సును ఒక్కసారి చూచి ప్రక్కకు పెట్టితిమి. కొయ్యకట్టడమును మాత్రము మరల మరల తీసి చూచితిమి.

సరస్సును త్వరగా విడుచుట దాని దోషముచేత గాదు. దానిని మేము ఇంతకుముందే ఎరుగుదుము. అది మొరేన్ సరస్సు. 1969లోను 1979లోను వెలువడిన కెనడా ఇరువది డాలర్ల నోట్ల వెనుక ఆ దృశ్యమే అచ్చయియుండెను. దాని రంగు చిత్రకారుని కల్పన గాదు. కొండలపై మెల్లగా కదలు మంచుగడ్డలు అడుగురాతిని పిండివలె నూరును; ఆ పిండి కరిగిన నీటితో సరస్సు చేరి, త్వరగా అడుగునకు దిగక తేలియాడుచు, ఎండలోని నీలపు వన్నెను మన కంటికి త్రిప్పికొట్టును. దానిని చూడవచ్చువారి బండ్ల రద్దీకి తాళలేక 2023 నుండి సొంత మోటారుబండ్లను ఆ దారిని పోనీయుట మానినారు. వచ్చినవారందరును ఒకే రాళ్లగుట్ట నెక్కి ఒకే పటము తీసికొని పోవుదురు.

ఆ చూపు వారికి నేర్పినది రైలుకంపెనీ. 1885 నవంబరులో కెనేడియన్ పసిఫిక్ రైలుమార్గము పూర్తియైనది. వందలమైళ్లు జనములేని భూమిపై వేసిన ఆ మార్గమునకు ప్రయాణికులు కావలసివచ్చిరి. 1883లో రైలుపనివారి కంటబడిన వేడినీటి ఊటల చుట్టును ప్రభుత్వము 1885లో కొంత భూమిని ప్రత్యేకించెను. 1887లో అది విస్తరించి కెనడా దేశపు మొదటి జాతీయవనమయ్యెను. 1888లో కంపెనీ బాన్ఫ్ పట్టణమున గొప్ప హోటలు తెరచినది. చిత్రకారులను, ఛాయాగ్రాహకులను తన బండ్లలో ఉచితముగా ఎక్కించుకొని పోయి కొండల బొమ్మలు తీయించినది. 1903లో బాన్ఫ్ చేరిన బైరన్ హార్మన్ అనునతడు ఆ విద్యలో ఆరితేరినవాడు. గుర్రములపై కెమెరాలు వేసికొని 1924లో కొలంబియా హిమక్షేత్రము దాక పోయి, శిఖరముపై వెలుతురు కుదురువరకు దినములతరబడి కాచుకొని కూర్చుండిన ఘటికుడు. అతని పటములు కార్డులుగా అచ్చుపడి దేశదేశములకు పోయినవి. వానిని హీనపరచుట మా యభిప్రాయము గాదు. కాని అమ్మకమునకు తీసిన పటములో కొనువానికి నచ్చనిది ఉండదు. ఈ సంగతి మరువరాదు.

ఆ కొండలలో తరతరములుగా వేటాడి బ్రతికిన స్టోనీ నకోడా జాతివారి సంగతి చూడుడు. వారిని నాటి ప్రభుత్వము ‘ఇండియను’లని పిలిచెడిది; మన పేరు వారికెట్లు అంటుకొన్నదో పాఠకులెరుగుదురు. 1877 సెప్టెంబరు 22వ తేదీన బ్లాక్‌ఫుట్ జాతులును, సూటినా వారును, స్టోనీలును ప్రభుత్వముతో ఏడవ ఒడంబడికను చేసికొనిరి. ఇంగ్లీషున వ్రాసిన ఆ పత్రమును తెల్లవారు భూమి అప్పగింతగా చదివికొనిరి. తాము మాట యిచ్చినది శాంతికే గాని భూమిని విడుచుటకు గాదని ఆ జాతుల పెద్దలు నేటికిని చెప్పుచున్నారు. జాతీయవనము ఏర్పడిన పిమ్మట అందు వేట నిషేధింపబడెను. 1885 తరువాత ప్రభుత్వోద్యోగి చీటి లేనిదే తమకు కేటాయించిన భూమి దాటిపోరాదన్న నిర్బంధమొకటి మైదానములందలి జాతులపై వచ్చిపడెను. ఏ చట్టములోను లేని నిర్బంధమది. ఇట్లు కొండలలోనికి రాకుండ ఆపిన వారినే హోటలువారు ఏటేట పిలిచి, ఈకల కుళ్లాయిలతో గుర్రములపై ఊరేగించి, యాత్రికుల వేడుక తీర్చిరి. 1890 దశకము ప్రాంతమున మొదలైన ఆ ఉత్సవములు 1978 వరకు సాగెను. హార్మన్ తీసిన ఆ ఉత్సవపు పటములు చాలగలవు. వానిలోని ముఖములను మేము తిలకించితిమి. అందు అవమానము మాత్రమే ఉన్నదని చెప్పజాలము. పోగొట్టుకొన్న నేలపై మరల గుడారము వేయుటకు, చుట్టపక్కములను కలియుటకు, పందెములలో గెలుచుటకు అది వారికి చిక్కిన సందు. గుర్రముపై నవ్వుచున్న పిల్లవాని నవ్వు దొంగనవ్వు గాదు. అయినను ఆ ఉత్సవము గడచిన పిమ్మట వారి బ్రదుకెట్లుండెనో కార్డులలో ఎక్కడను కనబడదు.

ఈ విషయమున ఇంకొక నిదర్శనమును చెప్పకుండ ఉండలేము. సరిహద్దుకు దక్షిణమున మోంటానాలో ఆ బ్లాక్‌ఫుట్ జాతికే చెందిన పీగన్ తెగవారి గుడారములో ఎడ్వర్డ్ కర్టిస్ అను ప్రసిద్ధుడు తీసిన పటమొకటి గలదు. 1911లో అచ్చయిన అతని గ్రంథభాగములో చేరినది. తండ్రియు కొడుకును కూర్చుండియున్నారు. మూలఫలకములో వారి నడుమ ఒక గడియారము గలదు, అచ్చులో లేదు. పురాతనులనదగినవారి యింట గడియారమేమని దానిని చెరిపివేసినారు. ఆ గుడారములో నిత్యజీవితమునకు సాక్షి ఆ గడియారమే.

మైదానము మాట వేరు. అచ్చట అమ్మవలసినది అందము గాదు, నేల. 1872 నాటి భూమిచట్టము ప్రకారము పది డాలర్లు కట్టి దరఖాస్తు పెట్టుకొన్నవానికి 160 ఎకరములు ఇచ్చెడివారు. మూడేండ్లలో ఇల్లు కట్టి, కాపురముండి, కొంత దున్నిన పట్టా చేతికి వచ్చును. అంతకుముందే సర్వేదారులు నేలనంతను ఆరేసిమైళ్ల చదరములుగను, ఒక్కొక్క చదరమును 640 ఎకరముల ముప్పదియారు గళ్లుగను కోసి, మూలలందు ఇనుపగూటములు పాతిరి. మన గ్రామములలో చేనిగట్టు వాగు వంపునుబట్టియు, తాతలనాటి మాటనుబట్టియు వంకరలు తిరుగును. అచ్చట గట్టు వాగుపై నుండి తిన్నగా దాటిపోవును. మిత్రుల పటములో పసుపు పూచిన చేను అంచు తాడుపట్టి గీచినట్లుండుటకు కారణమదియే. ఆ పంట కనోలా. మన ఆవకు దగ్గర చుట్టము. అందలి చేదును వంటకు పనికిరాని ఆమ్లమును తొలగించి 1970 దశకమున కెనడా శాస్త్రజ్ఞులు ఆ నూనెగింజను సృష్టించిరి. జూలై మాసమున అచ్చటి నేలయంతయు మన సంక్రాంతి ముందరి ఆవచేలవలె వెలుగును.

ఆ భూములలో దక్షిణపుభాగము వానలు చాలని మెట్ట. 1857 మొదలు 1860 వరకు ఆ ప్రదేశమును పరిశీలించిన కాప్టెన్ పాలిజర్ అది సేద్యమునకు తగదని వ్రాసెను. తరువాత మంచి వానలు పడిన యేండ్లలో తిరిగిన మరియొక పండితుడు దివ్యమైన నేల యనెను. రెండవ మాట అందరికి ఇంపైనది. 1930 దశకపు అనావృష్టిలో గాలికి పైమన్ను లేచిపోయి కంచెలను పూడ్చెను. వేలకుటుంబములు పట్టాలు వదలి ఉత్తరమునకు బండ్లు కట్టినవి. ఇసుకలో సగము మునిగిన నాగళ్ల పటములు నేటికిని నిలిచియున్నవి. ఎవరు తీసిరో పేర్లు లేవు.

ఇక కొయ్యకట్టడము. అచ్చటివారు దానిని ఎలివేటరందురు; మన మాటలో ధాన్యపుగాదె. ఎనుబది అడుగుల ప్రాంతము ఎత్తు. పలకలను బల్లపరుపుగా ఒకదానిపై నొకటి పేర్చి మేకులు దిగగొట్టిన గోడలు. సన్నపు గోడలైనచో గోధుమ బరువుకు పగులును. రైతు బండితోసహా తూకపుబల్ల నెక్కి, గింజను క్రింది గోతిలో కుమ్మరించును. తోలుపట్టెకు వరుసగా బిగించిన చిన్నతొట్లు దానిని పైకి తోడి, అరలలో విడుచును. రైలుపెట్టె వచ్చినపుడు గొట్టముద్వారా గింజ తనంతట దిగును. గుర్రపుబండి ఒకనాటిలో పోయి రాదగినంత దూరమున, అనగా పది పండ్రెండుమైళ్ల కొకటిగా, రైలుమార్గము వెంబడి వీనిని కట్టిరి. గాదె చుట్టును ఊరు పుట్టెను. ఊరిపేరు గాదెగోడపై బారెడు అక్షరములతో వ్రాసిరి. 1930 దశకమున కెనడా మైదానములలో ఇట్టివి 5,700కు పైగా నుండెను. ఆల్బర్టాలోనే 1,700కు మించియుండెను.

తూకము, తరుగు అను రెండు మాటలు వినగానే మన రైతులకు మిల్లులు జ్ఞప్తికివచ్చును. అచ్చటను అంతే. గాదెలు కంపెనీలవి, తూచువాడు కంపెనీ మనిషి, గింజలో తేమ యనియు మట్టి యనియు తరుగు తీయువాడును అతడే. కోతలకాలమున ధర పడిపోవును, అప్పు ఆగదు. రైతులు ఊరక కూర్చుండలేదు. 1913లో సహకారగాదెల సంఘము పెట్టుకొనిరి. 1921లో రైతుసంఘమువారే ఎన్నికలలో గెలిచి రాష్ట్రప్రభుత్వమును చేపట్టి 1935 వరకు పాలించిరి. 1923లో ఆల్బర్టా గోధుమసమితిని స్థాపించి, అందరి పంటను ఒకచోట చేర్చి, ఏడాదిపొడుగున అమ్మి, సగటుధరను పంచుకొనిరి. 1929లో ధరలు కూలినపుడు ఆ సమితి తలక్రిందులై అప్పులపాలయ్యెను. గాదెలను మాత్రము నిలువబెట్టుకొనెను. మిత్రులు పంపిన పటములోని గాదె అట్టిదే కావచ్చును, కంపెనీదైనను కావచ్చును, రంగు వెలసినది.

వీనిని పడగొట్టినది గాలివాన గాదు. 1897 ఒప్పందముచే రైలుకంపెనీ ధాన్యపురవాణాకు తక్కువ కిరాయి పుచ్చుకొనవలసియుండెను. 1983లో ఆ యేర్పాటు మారెను, 1995లో ప్రభుత్వపు సాయమును పోయెను. చిన్నమార్గములు నష్టమని పట్టాలు పీకివేసిరి. వంద పెట్టెల బండిని ఒక్కసారి నింపు సిమెంటుగాదెలు పెద్దమార్గములందు లేచినవి. రైతు లారీకి ఇప్పుడు పదిమైళ్లు గాక యాభైమైళ్లైనను లెక్కలేదు; ఖర్చు మాత్రము అతనిదే. కొయ్యగాదెలను ఒక్కొక్కటిగా యంత్రములతో త్రోసివేసినపుడు ఊరివారు కుర్చీలు వేసికొని చూచి, పటములు తీసికొనిరి. 1998లో గోధుమసమితియే వేరొక సంస్థలో కలిసిపోయెను. నాన్టన్ వంటి కొన్ని యూళ్లలో జనము చందాలు వేసికొని రెండు మూడు గాదెలను కాపాడుకొన్నారు. పెక్కుచోట్ల గాదెతో అంగడి, అంగడితో బడి పోయినవి.

నిత్యదృశ్యమును పటముగా నిలుపుట ఎంత పనికివచ్చునో రుజువుచేసిన వారు కవులు గారు, కొలతగాండ్రు. 1885లో ప్రధాన సర్వేదారుడైన ఎడ్వర్డ్ డెవిల్ గొలుసుతో కొలువరాని కొండలను కెమెరాతో కొలుచు పద్ధతిని ప్రవేశపెట్టెను. 1915లో బ్రిడ్జ్‌లాండ్ అను సర్వేదారుడు జాస్పర్ వనమున 92 చోట్ల శిఖరములెక్కి 735 పటములు తీసెను. అందమునకై గాదు, పటము వంచుటకు. ఎనుబదియేండ్లకు, 1990 దశకపు చివర, ఇద్దరు పరిశోధకులు ఆ గాజుపలకల ప్రతులతో ఆ స్థానములకే పోయి మరల తీయ మొదలిడిరి. రెండు పటములను ప్రక్కప్రక్కను పెట్టిచూచిన, మంచుగడ్డలు వెనుకకు జరిగినవి. అథాబాస్కా హిమానీనదము శతాబ్దమునకు పైబడిన కాలములో 1.5 కిలోమీటరులకు మించి తగ్గినది. అది చాలమంది ఊహించినదే. ఊహింపనిది లోయలలో కనబడెను: నాడు పచ్చికబయళ్లున్నచోట నేడు దట్టమైన దేవదారువంటి చెట్ల అడవి.

ఏలనన, ఆ బయళ్లు ఊరక ఏర్పడినవి గావు. దేశీయజాతులును, వారికిని తెల్లవారికిని పుట్టిన మేటీ కుటుంబములును గుర్రముల మేతకై గడ్డికి ఏటేట చిన్నమంటలు పెట్టుచుండెడివారు. 1907లో జాస్పర్ వనము ఏర్పడెను. 1910 నాటికి ఆ కుటుంబములకు కొంత సొమ్మిచ్చి ఇండ్లు ఖాళీ చేయించిరి. తరువాత మంట కనబడిన వెంటనే ఆర్పుటయే వనపాలకుల నీతియయ్యెను. చెట్లు చిక్కబడెను, పురుగుపట్టి ఎండినవి, ఎండలు ముదిరినవి. 2024 జూలైలో కార్చిచ్చు వచ్చి జాస్పర్ పట్టణమున కట్టడములలో మూడవవంతు ప్రాంతము బూడిద చేసెను. అడవి చిక్కబడిన తీరు బ్రిడ్జ్‌లాండ్ పటములు ప్రక్కననుండుటచేతనే కంటికి కట్టుచున్నది.

మిత్రుల పటములలో ఇంకొకటి మిగిలినది. నడిశీతకాలమున పడమటి యాకాశముపై మేఘము విల్లువలె వంగి, దాని క్రింద వెలుతురు బద్ద. చినూక్ గాలి వచ్చుటకు గురుతట. కొండలు దిగి వచ్చు ఆ వెచ్చనిగాలికి కొన్నిగంటలలో ఇరువది డిగ్రీల చలి తగ్గి, వాకిట మంచు కరగి కాలువకట్టునట. పటము ముందుభాగమున వారి మామ్మగారు చెప్పులు లేక గుమ్మమున నిలిచియున్నారు. కాల్గరీ, ఎడ్మంటను నగరములలో నేడు తెలుగు కుటుంబములు అనేకము గలవు. ఇట్టి పటములు వారి చేతిఫోనులలో వేలకొలది యుండవచ్చును. మాకు నచ్చినది ఇదియే యని మిత్రులకు వ్రాసితిమి.

కొయ్యగాదె ఏ యూరిదని కూడ అడిగితిమి. తేదీ ఫోను వ్రాసికొన్నది గాని ఊరిపేరు తమకు తెలియదని వారు బదులు వ్రాసిరి. డ్రమ్‌హెల్లర్ నుండి వచ్చుచు దారిలో బండి ఆపి తీసినదట. గోడపై పేరులో చివరి రెండక్షరములే చదువ వచ్చుచున్నవి. కోతలకాలమున మరల అటు పోయినపుడు, పట్టాల కట్ట ప్రక్కన సర్వే గూటమున్నదేమో చూచి, దానిపై నంబరు వ్రాసికొని వచ్చెదమనినారు.