సైకిలు టైరులో గాలి ఎంత? గేజి చూపే అంకెను సరిగా తెలుసుకొనే విధానం

త్యాగరాయ నగరంలో, అంటే మనమందరం టి. నగర్ అని పిలుచుకొనే ఈ ప్రాంతంలో, తెల్లవారకముందే పని మొదలుపెట్టే వాహనాలలో సైకిలు ఒకటి. దినపత్రికలు, పాలు ఇండ్లకు చేర్చేవారు, ఉస్మాన్ రోడ్డు, రంగనాథన్ వీధి పరిసరాలలోని దుకాణాలకు పనికి వెళ్లేవారు, బడిపిల్లలు దానిని నేటికీ వాడుతున్నారు. ఉపాధి నిమిత్తం ఈ నగరానికి వచ్చిన తెలుగువారిలో సైకిలే జీవనాధారమైనవారు ఉన్నారు. అట్టివారికి దారిలో టైరు పంక్చరైతే ఆ పూట సంపాదన పోయినట్లే.

టైరులో గాలి తక్కువగా ఉన్నప్పుడు చక్రం గుంతలో పడితే, రిమ్ముకూ గుంత అంచుకూ మధ్య ట్యూబు నలిగి, ప్రక్కప్రక్కనే రెండు రంధ్రాలు పడతాయి. ఈశాన్య ఋతుపవన కాలంలో, అనగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, నిలిచిన నీటి క్రింద గుంతలు కనబడవు గనుక ఈ నష్టం ఎక్కువ. గాలి మితిమీరితే కుదుపు పెరుగుతుంది, తడిసిన రోడ్డుపై పట్టు తగ్గుతుంది, ఎండలో ట్యూబు పగిలే ప్రమాదమూ ఉంటుంది. బొటనవ్రేలితో నొక్కి చూసే అలవాటు మెత్తబడిన టైరును గుర్తించడానికి మాత్రమే ఉపకరిస్తుంది. టైరు ఒకసారి గట్టిపడిన తరువాత 40 పౌండ్ల గాలికీ 60 పౌండ్ల గాలికీ తేడాను వ్రేలు చెప్పలేదు. అందుకే గేజి అవసరం.

అయితే గేజి ముల్లు చూపే అంకె అన్ని వేళలా టైరులోని గాలి లెక్క కాదు. అంకెను చదివే ముందు, అది ఎక్కడి గాలిని కొలిచిన అంకె అన్నది తెలుసుకోవాలి. ఈ ఒక్క విషయం గ్రహిస్తే గేజి వాడకంలోని చిక్కులు చాలావరకు తొలగిపోతాయి.

అంకెకు అర్థం

మన అంగళ్లలో గాలిని సాధారణంగా పౌండ్లలో చెబుతారు. 40 పౌండ్లు అంటే చదరపు అంగుళం స్థలంపై 40 పౌండ్ల బలం అని అర్థం. డయలుపై దీనిని పీఎస్‌ఐ అని గుర్తిస్తారు. బయటి వాతావరణపు పీడనం కంటే టైరులోని పీడనం ఎంత ఎక్కువో గేజి చూపుతుంది. సముద్రతీరమైన చెన్నైలో బయటి గాలి పీడనం సుమారు 14.7 పౌండ్లు. పూర్తిగా మెత్తబడిన టైరులోనూ అంతే పీడనం ఉంటుంది గనుక గేజి సున్నా చూపుతుంది.

అనేక గేజిలపై రెండు వరుసల అంకెలు ఉంటాయి. ఒక బార్ 14.5 పౌండ్లకు, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో 14.2 పౌండ్లకు, 100 కిలోపాస్కల్‌లు 14.5 పౌండ్లకు సమానం. కాబట్టి 3 బార్, 3 కిలోలు, 300 కిలోపాస్కల్‌లు, ఈ మూడూ దాదాపు 43 పౌండ్లే. ఏ వరుసను చదువుతున్నారో ముందుగా చూసుకొనండి.

మీ టైరుకు ఎంత గాలి కావాలో టైరు ప్రక్క భాగంపైనే అచ్చువేసి ఉంటుంది. అక్కడ కనిష్ఠ, గరిష్ఠ హద్దులు రెండూ ఉన్నచో వాటి మధ్య ఉండేటట్లు చూడండి. ఒకే అంకె ఉండి, దాని ప్రక్కన గరిష్ఠమని వ్రాసి ఉంటే దానిని ఎన్నడూ దాటకూడదు. సైకిలుపై బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రంపైనే పడుతుంది గనుక, ఆ హద్దులకు లోబడి వెనుక టైరుకు కొంత ఎక్కువ గాలి ఉంచడం మంచిది.

మూడు రకాల వాల్వులు

గేజి సరిగా పనిచేయడం వాల్వుపై ఆధారపడి ఉంటుంది.

మొదటిది, మన సాధారణ సైకిళ్లకు ఉండే వుడ్స్ వాల్వు. ఇందులో లోహపు పుల్లకు తొడిగిన చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. దానినే వాల్‌ట్యూబు అంటారు. గాలిని లోపలికి పోనిచ్చి, వెనుకకు రానివ్వకపోవడం దాని పని. గాలి వెనుకకు రాదు కాబట్టి చేతి గేజిని దీనిపై పెట్టినా ముల్లు టైరులోని పీడనాన్ని చూపలేదు. గేజి ఉన్న పంపుతో కొట్టినప్పుడు కనబడే అంకె పంపు గొట్టంలోని గాలిది. రబ్బరును తెరవడానికి కొంత అదనపు బలం కావాలి గనుక, టైరులోని పీడనం ఆ అంకె కంటే తక్కువే ఉంటుంది. ఎంత తక్కువ అన్నది రబ్బరు బిగువును బట్టి మారుతుంది. పాతబడి అంటుకొనిపోయిన వాల్‌ట్యూబుతో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

ఇట్టి వాల్వు ఉన్నవారు చేయదగినది ఇది. వాల్‌ట్యూబును అప్పుడప్పుడు మార్పించుకొని, ఎల్లప్పుడూ ఒకే పంపు వాడండి. సైకిలు సక్రమంగా నడిచిన రోజున ఆ పంపుపై కనబడిన అంకెను గుర్తుంచుకొని, తరువాత కూడా అక్కడి వరకే కొట్టండి. అది అసలు పీడనం కాకపోయినా, నిలకడగా ఉపయోగపడే కొలత అవుతుంది. కచ్చితమైన లెక్క కావాలనుకొంటే, తరువాత ట్యూబు మార్చేటప్పుడు మోటారు సైకిలు తరహా వాల్వు ఉన్న ట్యూబు మీ రిమ్ము రంధ్రంలో పడుతుందేమో మరమ్మతుదారుని అడగండి.

రెండవది ష్రేడర్ వాల్వు. మోటారు సైకిళ్లకు, కార్లకు ఉండేది ఇదే. నడుమ చిన్న సూది ఉంటుంది. గేజి ఆ సూదిని నొక్కగానే టైరులోని గాలి నేరుగా గేజిలోకి వస్తుంది. నమ్మదగిన కొలతకు ఇదే అనువైనది.

మూడవది, సన్నని టైరుల సైకిళ్లలో కనబడే ప్రెస్టా వాల్వు. దీని కొనన ఉన్న చిన్న మరను వదులు చేసి, ఒక్కసారి మెల్లగా నొక్కి విడిచి, ఆ తరువాతనే గేజి పెట్టాలి. దీనికి తగిన గేజి గాని, జోడింపు ముక్క గాని కావాలి.

పంక్చరు అంగడిలో గమనించవలసినవి

అంగడిలోని కంప్రెసరు ట్యాంకుపై పెద్ద గేజి ఒకటి ఉంటుంది. అది ట్యాంకులోని గాలి లెక్క. దానిపై 100 పౌండ్లకు మించి కనబడినా మీ టైరుకు సంబంధం లేదు. గొట్టం చివర ఉండే గేజినే చూడాలి. అదైనా గాలి పారుతున్నంతసేపు నిజం చెప్పదు. మీటను విడిచి, ముల్లు కదలకుండా నిలిచిన తరువాత కనబడేదే టైరులోని పీడనం.

సైకిలు టైరు చిన్నది. కారుకు నిమిషం పట్టే పని ఇక్కడ కొన్ని క్షణాలలో పూర్తయి, హద్దు దాటిపోవచ్చును. కనుక కొద్దికొద్దిగా నింపి, ఆపి, చూసి, మరల నింపమని కోరండి. తమిళంలో గాలిని కాత్తు అంటారు. నాప్పదు పోదుం అంటే నలభై చాలు అని అర్థం. ఈ రెండు మాటలు తెలిసి ఉంటే కావలసినంత గాలిని అడిగి పట్టించుకోవచ్చును.

కొలిచే పద్ధతి

టైరు చల్లగా ఉన్నప్పుడు, అనగా ఉదయం బయలుదేరక మునుపు, నీడలో కొలవండి. వేడికి గాలి పీడనం పెరుగుతుంది. ఉదయం 28 డిగ్రీల వద్ద 50 పౌండ్లు ఉన్న టైరు మధ్యాహ్నపు ఎండలో 43 డిగ్రీలకు వేడెక్కితే గేజి సుమారు 53 చూపుతుంది. ఎక్కువైందని అప్పుడు గాలి తీసివేస్తే, మరునాటి ఉదయానికి 47 మాత్రమే మిగులుతుంది.

గేజిని వాల్వుపై వంకర లేకుండా, ఒక్క ఊపున గట్టిగా నొక్కండి. బుస్సుమనే శబ్దం ఆగకుండా వస్తుంటే గాలి ప్రక్కకు పోతున్నదని అర్థం. అట్టి కొలతను లెక్కలోకి తీసుకోవద్దు. డయలుకు ఎదురుగా నిలిచి చదవండి. ప్రక్కనుండి చూస్తే ముల్లు వేరొక గీతపై ఉన్నట్లు తోస్తుంది.

అనుమానముంటే మూడు సార్లు కొలవండి. ప్రతిసారీ కొంత గాలి గేజిలోకి పోతుంది. కారు టైరులో ఆ నష్టం తెలియదు గాని, సైకిలు టైరులో తెలుస్తుంది. మూడు అంకెలు క్రమంగా కొద్దికొద్దిగా తగ్గితే కొలత సరిగానే ఉన్నట్లు, మొదటి అంకె నిజానికి దగ్గరిదని గ్రహించండి. ఒకసారి పెరిగి ఒకసారి తగ్గితే గేజి సరిగా కూర్చోలేదని గాని, పాడైందని గాని అనుమానించాలి.

గేజిని పరీక్షించడం

ముల్లు గేజిలలో చాలావాటిలోపల వంపు తిరిగిన లోహపు గొట్టం ఉంటుంది. ఫ్రాన్సు దేశస్థుడైన యూజీన్ బోర్డాన్ 1849లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. గాలి పీడనానికి ఆ వంపు కొద్దిగా విచ్చుకొని ముల్లును తిప్పుతుంది. గేజి క్రిందపడితే ఆ వంపు చెదిరి, అప్పటినుండి లెక్క తప్పుతుంది. వాడనప్పుడు ముల్లు సున్నాపై నిలవకపోతే ఆ గేజిని నమ్మరాదు.

కొనేటప్పుడు డయలు గరిష్ఠ అంకెను చూడండి. గేజిలో రాగల దోషాన్ని సాధారణంగా ఆ గరిష్ఠ అంకెలో శాతంగా చెబుతారు. 160 పౌండ్ల డయలుకు 3 శాతం దోషమంటే దాదాపు 5 పౌండ్లు. అంటే దానిపై 40 కనబడినప్పుడు అసలు పీడనం 35 నుండి 45 వరకు ఎంతైనా కావచ్చును. 60 పౌండ్ల డయలుకు అదే 3 శాతం 2 పౌండ్లకు లోపే. మీకు కావలసిన అంకె డయలు నడిమి భాగంలో ఉండేటట్టి గేజిని ఎంచుకొనండి. డిజిటల్ గేజి దశాంశ స్థానం వరకు అంకె చూపినంత మాత్రాన అంత కచ్చితమని భావించరాదు. దాని బ్యాటరీ బలహీనపడినప్పుడు లెక్క కూడా తప్పవచ్చును.

రెండు గేజిలు వేర్వేరుగా చూపితే ఏది తప్పో తేలదు. ఒకే టైరును మూడవ గేజితో కూడా కొలిచి, రెండు ఏకీభవించిన దానిని అనుసరించండి. ఆ తరువాత ఆ ఒక్క గేజినే వాడుతూ ఉండండి.

వారానికొకసారి ఉదయం పూట రెండు టైరులూ కొలిచి, తేదీతో సహా అంకెలను ఒక కాగితంపై వ్రాసి ఉంచండి. కొద్దిపాటి తగ్గుదల సహజం. ఒక టైరు మాత్రమే రెండవదాని కంటే త్వరగా తగ్గుతూ ఉంటే, ట్యూబులోనో వాల్వులోనో చిన్న లీకు ఉన్నట్లు. పని వేళకు మునుపే దానిని మరమ్మతు చేయించుకొంటే, దారి నడుమ సైకిలును నడిపించుకొంటూ పోవలసిన అవస్థ తప్పుతుంది.