తేంగాయితిట్టులో బ్రొకోలీ: నారు ఎప్పుడు పోయాలి?

బ్రొకోలీ చలికాలపు పంట అన్న మాట నిజమే గానీ, ఇంటి దగ్గర నాలుగు మొక్కలు వేసుకునేవాళ్లకు ఆ ఒక్క మాట సరిపోదు. తమ ఊళ్లో చల్లదనం ఎన్నాళ్లుంటుందో, మొక్కకు ఏ రోజులు కీలకమో తెలిస్తేనే తేదీ తేలుతుంది. హైదరాబాదులో ఆ తేదీ రెండు వారాలు అటూ ఇటూ అయినా పెద్ద ముప్పు లేదు. పుదుచ్చేరి పట్నానికి దక్షిణాన, అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసేచోట, మడ చెట్లకూ చేపల రేవుకూ ఆనుకుని ఉన్న తేంగాయితిట్టులో అంత వెసులుబాటు లేదు. ఇక్కడ నారు పోసిన రోజు నుంచి ముందుకు లెక్కపెడితే దెబ్బతింటాం. పువ్వు మొదలయ్యే రోజులు ఎప్పుడు రావాలో ముందు ఖాయం చేసుకుని, అక్కణ్ణుంచి వెనక్కి రావాలి.

ఎందుకంటే మనం తినేది విచ్చుకోని మొగ్గల గుత్తి. నారు నాటిన కొన్ని వారాల పాటు మొక్క ఆకులే వేస్తుంది. తర్వాత ఒకనాడు మొవ్వు కొస ఆకులు పుట్టించడం ఆపి మొగ్గలు పుట్టించే పనికి మళ్లుతుంది. అప్పుడు మొవ్వులోని లేత ఆకులను వేలితో పక్కకు తీస్తే, రూపాయి బిళ్లకన్నా చిన్నగా ఆకుపచ్చ పూసలు కనబడడానికి ఇంకా కొద్ది రోజులు పడుతుంది. కంటికి కనబడని ఈ దశే మొక్కకు గండం. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బ్యోర్క్‌మన్, సహరచయిత పియర్సన్‌తో కలిసి 1998లో ప్రచురించిన పరిశోధనలో, మొక్కలను వేర్వేరు వయసుల్లో వారం పాటు 35 డిగ్రీల వేడిలో ఉంచి చూశారు. మొవ్వు మొగ్గలవైపు మళ్లే వేళ తగిలిన వేడే పువ్వును పాడుచేసింది. కొన్ని మొగ్గలు ఎదుగుదల ఆపేస్తే మిగతావి పెరిగిపోతాయి. అందుకే వేడి తగిలిన పువ్వు పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఎంత ఎరువు వేసినా అది తర్వాత సర్దుకోదు.

మరి తేంగాయితిట్టులో ఆ దశకు అనువైన రోజులేవి? బ్రొకోలీ పువ్వు బాగా కట్టేది 15 నుంచి 20 డిగ్రీల మధ్య. పుదుచ్చేరిలో డిసెంబరు, జనవరి పగళ్లు 28–29 డిగ్రీల దగ్గర ఆగుతాయి. హైదరాబాదు జనవరి పగళ్లూ దాదాపు అంతే. తేడా రాత్రులది. దక్కన్ పీఠభూమి మీద రాత్రికి 15 డిగ్రీల దాకా దిగితే, ఇక్కడ సముద్రం పాదరసాన్ని 20–21 దగ్గరే నిలబెడుతుంది. అంటే మంచి రోజులు దొరకవు, ఉన్నంతలో మేలైనవే దొరుకుతాయి. అవి డిసెంబరు చివరి వారం నుంచి జనవరి నెలాఖరు వరకు. పువ్వు మొదలు ఆ గడువు ముందు భాగంలో పడాలంటే, త్వరగా కోతకు వచ్చే రకాన్ని నవంబరు చివరి వారంలో నాటాలి. నారుకు నాలుగైదు వారాలు కావాలి కాబట్టి విత్తనం పడాల్సింది అక్టోబరు మూడో, నాలుగో వారంలో.

సరిగ్గా ఇక్కడే గట్టి అభ్యంతరం వస్తుంది. అవి ఈశాన్య రుతుపవనాల రోజులు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు పుదుచ్చేరిలో ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. అలాంటప్పుడు లేత నారు నిలుస్తుందా, వానలు వెళ్లాక జనవరిలో వేస్తే పోదా అని అడగడం సబబే. కానీ జనవరి విత్తనానికి మొవ్వు మళ్లేది మార్చిలో, ఎండ 30 డిగ్రీలు దాటాక. వాన నుంచి మొక్కను కాపాడే దారులున్నాయి, మార్చి ఎండ నుంచి లేవు. వసారాలో, వెలుతురు పడేచోట, కొబ్బరి పొట్టు నింపిన ట్రేలో నారు పెంచితే అక్టోబరు జడివాన దాన్ని తాకదు. తుపాను హెచ్చరిక ఉంటే నాటడం నాలుగు రోజులు ఆపవచ్చు. అంతకుమించి ఆపకూడదు. ట్రేలో ముదిరిన నారు, నాటిన వెంటనే బొత్తామంత పువ్వు వేసి ఊరుకుంటుంది.

కాలీఫ్లవర్‌లో వేడికి ఓర్చే రకాలున్నాయి కదా, బ్రొకోలీకి ఎందుకింత లెక్క అనేది రెండో అభ్యంతరం. కాలీఫ్లవర్ గడ్డ ఇంకా మొగ్గగా మారని లేత కణజాలం, బ్రొకోలీ మొగ్గలదాకా వచ్చిన గుత్తి. పైగా 1822లో మన దేశానికి వచ్చిన కాలీఫ్లవర్‌ను తరతరాల రైతులు ఏరి ఏరి మన వేడికి అలవాటు చేశారు. బ్రొకోలీకి ఇక్కడ అంత చరిత్ర లేదు. వేడిని తట్టుకుంటాయనే హైబ్రిడ్లు కొంత సాయపడతాయి, అయితే అవి తప్పును కాస్త మన్నిస్తాయే తప్ప తేదీని రద్దు చేయవు.

ఏటి పక్క ఊరికి ఉప్పు బెడద కూడా ఉంది. నేలలోని ఉప్పును సూచించే విద్యుత్ వాహకత (నేల సారంలో కొలిచినది) మీటరుకు 2.8 డెసీసీమెన్స్ దాటితే, ఆపై ప్రతి యూనిట్‌కూ బ్రొకోలీ దిగుబడి సుమారు 9 శాతం పడిపోతుంది. వానాకాలం చివర నాటడంలో ఉన్న రెండో లాభం ఇదే: కురిసిన వాన వేళ్ల చుట్టూ ఉన్న ఉప్పును కిందికి కడిగేస్తుంది. దాంతోపాటు నత్రజనీ బోరానూ కొట్టుకుపోతాయి కాబట్టి నాటేటప్పుడు పశువుల ఎరువు వేయాలి. బోరాన్ తగ్గితే కాడ లోపల డొల్లవుతుంది. నీరు నిలిచే పెరడైతే ఎత్తు మడి చేసుకోవాలి, లేదా మేడమీద గ్రో బ్యాగులు మేలు.

ఈ పద్ధతి యానాంకూ పనికొస్తుంది. కాకపోతే అక్కడ రాత్రులు కాస్త చల్లన, వానలు ముందే తగ్గుతాయి గనుక తేదీ ఇంకాస్త ముందే వస్తుంది. తేంగాయితిట్టులో మాత్రం నవంబరు 10 నాటికి ట్రేలో విత్తనం పడకపోతే, ఆ ఏటికి బ్రొకోలీ ఊసు మానేసి అదే మడిలో తోటకూరో గోరుచిక్కుడో వేసుకోవడం తెలివైన పని.