కామన్ లిస్ప్ సాఫ్ట్‌వేర్ నిర్మాణం, పంపిణీ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: కామన్ లిస్ప్‌లో ప్రోగ్రాము నిర్మాణం నడుస్తున్న లిస్ప్ వ్యవస్థ లోపలే జరుగుతుంది. ఈ లక్షణం కల్పించే సౌలభ్యాన్ని, దాని వెంటే వచ్చే ప్రమాదాన్ని, వాటిని దృష్టిలో ఉంచుకొని రూపొందిన సాధనాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కామన్ లిస్ప్, మాక్రో, ఏ.ఎస్.డి.ఎఫ్., క్విక్‌లిస్ప్, ఇమేజ్.

1. ఉపోద్ఘాతం

జాన్ మెకార్తీ 1958లో రూపకల్పన చేపట్టిన లిస్ప్ కాలక్రమంలో అనేక మాండలికాలుగా విస్తరించింది. వాటిని సమన్వయపరచే ప్రయత్నంలో పుట్టిన కామన్ లిస్ప్‌కు 1994లో అమెరికా జాతీయ ప్రమాణం ఏర్పడింది. ఆ ప్రమాణం భాషను విపులంగా నిర్వచించింది. కాని అనేక ఫైళ్లతో కూడిన సాఫ్ట్‌వేర్‌ను నిర్మించి ఇతరులకు అందించే పద్ధతిని నిర్దేశించలేదు. అందులోని ‘ప్యాకేజీ’ పంపిణీకి సిద్ధం చేసిన మూట కాదు. ఒకే పేరు రెండుచోట్ల వాడినా తగవు రాకుండా పేర్లను వేరుచేసే ఏర్పాటు మాత్రమే. నిర్మాణానికి ప్రమాణమైన విభాగాన్ని లిస్ప్ వాడుకరులు ‘సిస్టమ్’ అంటారు.

2. క్రమానికి గల ప్రాధాన్యం

లిస్ప్‌లో కంపైలర్ నడుస్తున్న వ్యవస్థలో ఒక భాగం. ఒక ఫైలులో నిర్వచించిన మాక్రో, మరొక ఫైలును కంపైల్ చేసే సమయంలోనే పనిచేసి దాని పాఠాన్ని మారుస్తుంది. కనుక మొదటి ఫైలును వ్యవస్థలోకి ఎక్కించిన తరువాతే రెండవదాన్ని కంపైల్ చేయాలి. క్రమం తప్పితే మాక్రో ప్రయోగాన్ని కంపైలర్ సాధారణ ఫంక్షన్ పిలుపుగా భావించవచ్చు. అప్పుడు దోషం ప్రోగ్రాము నడిచేటప్పుడు గాని బయటపడకపోవచ్చు. మాక్రోను మారిస్తే దానిని వాడిన ఫైళ్లన్నింటినీ తిరిగి కంపైల్ చేయవలసిందే.

3. ఏ.ఎస్.డి.ఎఫ్., క్విక్‌లిస్ప్

ఈ క్రమాన్ని మనిషి జ్ఞాపకానికి వదలకుండా లిఖితం చేసే సాధనం ఏ.ఎస్.డి.ఎఫ్. డేనియల్ బార్లో దీనిని ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో రూపొందించారు. ‘డిఫ్‌సిస్టమ్’ అనే నిర్వచనంలో సిస్టమ్‌లోని ఫైళ్లను, అది ఆధారపడే ఇతర సిస్టమ్‌లను పేర్కొంటే, ఏది ముందో ఏది వెనుకో ఏ.ఎస్.డి.ఎఫ్. నిర్ణయిస్తుంది, మారిన ఫైళ్లను, వాటిపై ఆధారపడినవాటిని మాత్రమే తిరిగి కంపైల్ చేస్తుంది.

అయితే లైబ్రరీలను ఇంటర్నెట్ నుండి తెచ్చే పని ఏ.ఎస్.డి.ఎఫ్.ది కాదు. ఆ లోటును జాక్ బీన్ 2010లో విడుదల చేసిన క్విక్‌లిస్ప్ తీర్చింది. ఇది లైబ్రరీలను విడివిడి వెర్షన్లుగా కాక, కలిసి నిర్మాణమవుతాయని పరీక్షించి, తేదీ వేసిన సంపుటిగా అందిస్తుంది. ఈ పద్ధతి లిస్ప్ స్వభావానికి తగినది. ప్యాకేజీల పేర్లు వ్యవస్థ మొత్తానికి ఉమ్మడివి కావడంతో, ఒకే లైబ్రరీకి చెందిన రెండు వెర్షన్లు సాధారణంగా ఒకేచోట ఇమడవు.

4. ఇమేజ్ దాచే దోషం

నడుస్తున్న వ్యవస్థ స్మృతిలోని సమస్తాన్ని కలిపి ‘ఇమేజ్’ అంటారు. ప్రోగ్రామర్ ఒక పనికోసం ‘అలెగ్జాండ్రియా’ లైబ్రరీని ఎక్కించాడనుకుందాం. అదే ఇమేజ్‌లో మరొక ప్రోగ్రాము రాస్తూ ఆ లైబ్రరీలోని ఫంక్షన్‌ను వాడి, డిఫ్‌సిస్టమ్‌లో దాని పేరు చేర్చడం మరచిపోయాడు. అతని యంత్రంపై అంతా సవ్యంగా నడుస్తుంది. మరొకరి యంత్రంపై ఆ ప్యాకేజీయే లేదన్న దోషంతో నిర్మాణం ఆగిపోతుంది. వివరణలో లేనిది ఇమేజ్‌కు గుర్తుండటమే దీనికి కారణం. కొత్తగా ప్రారంభించిన లిస్ప్‌లో, వివరణ ఆధారంగానే మొత్తం నిర్మించి పరీక్షించడం దీనికి నివారణ.

5. తుదిరూపం

ఎస్.బి.సి.ఎల్.లోని ‘సేవ్-లిస్ప్-అండ్-డై’ ఇమేజ్ మొత్తాన్ని నేరుగా నడిచే ఒకే ఫైలుగా భద్రపరుస్తుంది. కంపైలర్ కూడా అందులోనే ఉండటంతో చిన్న ప్రోగ్రాము సైతం పదుల మెగాబైట్లవుతుంది. సి భాషలో రాసి విడిగా ఉంచిన లైబ్రరీలు మాత్రం సాధారణంగా అందులో చేరవు. ఓపెన్ఎస్ఎస్ఎల్ వంటిది గమ్యస్థానంలోని యంత్రంపై లేకపోతే, దానిపై ఆధారపడిన పని సాగదు.

6. ఉపసంహారం

రాస్తూనే సరిదిద్దుకొనే స్వేచ్ఛను లిస్ప్‌కు ఇచ్చినది ఇమేజే. ఇతరుల చేతికి వెళ్లినప్పుడు ప్రోగ్రామును నిలువునా ఆపగలిగే మరపును కప్పిపుచ్చేదీ అదే. అందుచేత లిస్ప్ లైబ్రరీ విశ్వసనీయతకు గీటురాయి రచయిత యంత్రం కాదు. ఏమీ ఎక్కించని లిస్ప్‌లో, రాసిన వివరణ ఒక్కటే ఆధారంగా అది నిర్మాణం కావడం.