ఇంటర్ తర్వాత కంప్యూటర్ చదువు: సీటుకు ముందు లెక్క చూసుకోవాలి

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తర్వాత వచ్చే మొదటి జుమా నాడు ఖమ్మంలో గాని, ఇల్లెందులో గాని, భద్రాచలంలో గాని నమాజు అయ్యాక మస్జిదు వరండాలో వినిపించే మాట ఒక్కటే. “మావాడిని కంప్యూటర్‌లో వేద్దామనుకుంటున్నాం సాబ్” అంటారు. ఏ కంప్యూటరు భాయి అని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. నాలుగేళ్ల బి.టెక్.లో కంప్యూటర్ సైన్సు వేరు. మూడేళ్ల బి.ఎస్సీ.లో గణితం పక్కన కంప్యూటర్‌ను ఒక సబ్జెక్టుగా చదవడం వేరు. బి.సి.ఎ. ఇంకొకటి. జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి ఆధ్వర్యంలోని కేంద్రాలలో నేర్పే ఏడాది డిప్లొమా మరొకటి. ఈ చివరిది డిగ్రీయే కాదు. చేత్తో పని నేర్పే మంచి కోర్సే కాని, అది చేసిన అమ్మాయిని “కంప్యూటర్ డిగ్రీ చేసింది” అని పెళ్లి సంబంధం వారికి చెప్పుకునే తల్లిదండ్రులు మన మధ్య లేకపోలేదు.

ముందుగా పిల్లవాడికి గణితం అంటే ఇష్టమా, భయమా అన్నది తేల్చుకోవాలి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉండి గణితం రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచే ‘అల్గారిథమ్’ అనే మాట పుట్టింది. ఆయన గ్రంథం పేరులోని ‘అల్ జబ్ర్’ నుంచి ‘ఆల్జీబ్రా’ వచ్చింది. ఈ సంగతి జల్సాలలో గర్వంగా చెప్పుకుంటాం. అదే మన పిల్లవాడు తొమ్మిదో తరగతిలో ఆల్జీబ్రా రాక తల వంచుకుంటే ట్యూషను పెట్టించడానికి వెనుకాడతాం. కంప్యూటర్ చదువంటే కీబోర్డు మీద వేళ్లు ఆడించడం కాదు. ఒక సమస్యను విడగొట్టి, మెట్టు మెట్టుగా తార్కికంగా పరిష్కరించడం. అందుకు గణితమే పునాది.

బి.టెక్. కావాలంటే ఇంటర్‌లో ఎం.పి.సి. ఉండాలి. వృత్తివిద్యా కోర్సులో కంప్యూటర్ సైన్సు చదివినవారికి కూడా దారి మూసుకుపోలేదు. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రాలలో బ్రిడ్జి కోర్సు పరీక్షలు పాసైతే ప్రవేశపరీక్ష రాయవచ్చు. ఇంటర్‌లో గణితం లేకుండా డిగ్రీలో కంప్యూటర్ కోర్సు పట్టే పిల్లలు మాత్రం ఒక విషయం గుర్తుంచుకోవాలి. బి.ఎస్సీ., బి.కాం. వంటివి చేసి తర్వాత ఎం.సి.ఎ.కు పోవాలంటే గణితం గురించిన నిబంధనలు ఏమిటో ముందే చూసుకోవాలి. మూడేళ్లు గడిచాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఎంసెట్ పేరు తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్‌గా మారింది. పేరుతో పాటు అంతకు ముందే మారిన సంగతి ఒకటి ఉంది. ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. ఇప్పుడది లేదు. ర్యాంకు పూర్తిగా ప్రవేశపరీక్ష మీదే ఆధారపడుతుంది. మొత్తం 160 మార్కులలో గణితానికే 80. భౌతికశాస్త్రానికి 40, రసాయనశాస్త్రానికి 40. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. కాబట్టి ఇంటర్‌లో వచ్చిన 950 మార్కులు చూపించి “సీటు వచ్చేసినట్టే” అని మిఠాయిలు పంచడం తొందరపాటే.

ఇక డబ్బు లెక్క. మన ఇళ్లలో అసలు చిక్కంతా ఇక్కడే. తెలంగాణలో మైనారిటీ, బి.సి. విద్యార్థులకు ఈఏపీసెట్‌లో 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు తిరిగి వస్తుంది. ఆ పైన ర్యాంకు అయితే ఏడాదికి 35,000 రూపాయలే గరిష్ఠం. కుటుంబ ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు దాటకూడదు. ఇప్పుడు ఒక కళాశాలలో ఫీజు 90,000 అనుకుందాం. 35,000 పోను 55,000 మిగిలింది. నాలుగేళ్లకు 2,20,000. దీని మీద హైదరాబాదులో హాస్టలు, తిండి, బస్సు. ‘ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా’ అన్న ఒక్క మాట పట్టుకుని చేరిన కుటుంబాలు రెండో ఏడాదికల్లా ఉక్కిరిబిక్కిరి అవుతున్నాయి. పైగా ప్రభుత్వం నుంచి ఆ సొమ్ము సకాలంలో రావడం లేదు. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు బంద్ చేసిన సంగతి పత్రికలు చదివేవారికి తెలుసు. బకాయి పడేది ప్రభుత్వం, సర్టిఫికెట్లు ఆగేది మాత్రం పిల్లవాడివి.

అప్పు చేద్దామంటే అడవి అంచున ఉన్న మన కుటుంబాలకు ఇంకో అడ్డంకి ఉంది. భద్రాచలం, బూర్గంపాడు, చర్ల, దుమ్ముగూడెం వైపు ఏజెన్సీ గ్రామాలలో 1970 నాటి ఒకటవ నిబంధన, అదే మనవాళ్లు ‘1/70’ అనే చట్టం, అమలులో ఉంది. గిరిజనేతరుల మధ్య కూడా అక్కడ భూమి చేతులు మారరాదు. కోయల భూమి కోయలకే నిలవాలని చేసిన చట్టమది. న్యాయమైనదే. అయితే దాని ఫలితంగా అక్కడ తరాలుగా ఉంటున్న సైకిలు షాపు భాయికైనా, లారీ డ్రైవరుకైనా పిల్లవాడి చదువుకు అమ్మడానికో తాకట్టు పెట్టడానికో స్థలం ఉండదు. తాకట్టు లేకుండా బ్యాంకులు 4 లక్షల దాకా విద్యారుణం ఇస్తాయి. చదువు అయ్యాక ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు కాని, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వడ్డీ మన ఇళ్లలో దీన్‌కు సంబంధించిన ప్రశ్న కూడా. ఆ విషయం మీ ఊరి ఉలమాను అడగండి, ఈ వ్యాసం అందుకు కాదు. లెక్క మాత్రం స్పష్టం. అప్పు లేకుండా పూర్తయ్యే మూడేళ్ల డిగ్రీ, అప్పుతో మొదలై మధ్యలో ఆగిపోయే బి.టెక్. కన్నా నూరు రెట్లు మేలు. మేనేజ్‌మెంటు కోటాలో లక్షలు పోసి సీటు కొనడం గురించి మాట్లాడటం కూడా దండగ.

రిజర్వేషను విషయంలో మనవారిలో ఎంతో అయోమయం ఉంది. 2007 చట్టం ప్రకారం ముస్లింలలో 14 వర్గాలకు బి.సి. ‘ఇ’ గ్రూపులో 4 శాతం ఉంది. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2010 మార్చిలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మేరకు అది కొనసాగుతోంది. షేక్‌లు ఇందులోకి వస్తారు. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు రావు. దూదేకుల, నూర్‌బాషా వారు బి.సి. ‘బి’లో ఉన్నారు, ‘ఇ’లో కాదు. ఏ బి.సి. జాబితాలోనూ లేని సయ్యద్, పఠాన్ పిల్లలకు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే, ఆర్థికంగా వెనుకబడినవారి 10 శాతం కోటా ఉంది. దానికి వేరే సర్టిఫికెటు తీసుకోవాలి. ఖాన్ అని పేరులో ఉన్నవాడు బి.సి. ‘ఇ’ అని దరఖాస్తులో రాసి, తర్వాత తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగడం ఏటా చూస్తున్నదే.

భద్రాచలం ప్రాంతం వారికి వీటన్నిటికన్నా ముఖ్యమైనది స్థానికత. ఈ నేల హద్దులు మారుతూనే వచ్చాయి. 1959 దాకా భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ ఏడాది ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దానిని ఆనుకునే ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు మాత్రం అవతలి రాష్ట్రమయ్యాయి. ఇల్లు ఒక రాష్ట్రంలో, నడిచి వెళ్లే బడి ఇంకో రాష్ట్రంలో!

ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఎక్కడ చదివితే విద్యార్థి ప్రధానంగా అక్కడి స్థానికుడు. 85 శాతం సీట్లు స్థానికులవే. మిగతా 15 శాతంలో రెండు రాష్ట్రాల పిల్లలూ పోటీపడే ఏర్పాటు విభజన తర్వాత పదేళ్లు నడిచి 2024 జూన్ 2తో ముగిసింది. 2025 నుంచి తెలంగాణ ఆ 15 శాతానికి కూడా రాష్ట్రంతో సంబంధాన్ని షరతుగా పెట్టింది. కాబట్టి ఎటపాక పిల్లవాడు పది దాకా చింతూరులో చదివి, ఇంటర్‌కు మాత్రం భద్రాచలం వచ్చాడనుకోండి. “దగ్గర కదా” అని వేసిన ఆ ఒక్క అడుగు కౌన్సెలింగు రోజు మెడకు చుట్టుకుంటుంది. సీటు ఇక్కడ వచ్చినా, కుల, ఆదాయ ధ్రువపత్రాలు అక్కడి తహసీల్దారువి అయితే రిజర్వేషను, స్కాలర్‌షిప్ దగ్గర చిక్కు వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లలున్న సరిహద్దు ఊళ్ల తల్లిదండ్రులు ఈ లెక్క ఇప్పుడే వేసుకోవాలి. ఇంటర్ అయ్యాక కాదు.

దగ్గరలో ఏమున్నాయి అని అడిగేవారికి: ఖమ్మంలో 1956లో పెట్టిన ఎస్.ఆర్. అండ్ బి.జి.ఎన్.ఆర్. ప్రభుత్వ కళాశాల ఉంది. భద్రాచలం, కొత్తగూడెంలలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. డిగ్రీ ప్రవేశాలన్నీ 2016 నుంచి ‘దోస్త్’ అనే ఆన్‌లైను పద్ధతిలోనే. కొత్తగూడెంలో 1978లో మొదలైన గనుల పాఠశాల తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయ ఇంజనీరింగు కళాశాల అయింది. 2025లో మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారింది. దీనిని తేలికగా తీసుకోరాదని మా అభిప్రాయం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రాత్రి ఎవరూ మరిచిపోలేదు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఎగువన పడిన వాన ఎన్ని గంటలకు ఇక్కడ ఎన్ని అడుగులవుతుందో చెప్పడం, ఉపగ్రహ చిత్రం చూసి ఏ ఊరు మునుగుతుందో పసిగట్టడం ఇప్పుడు కంప్యూటర్ పనే. ‘కంప్యూటర్ అంటే హైటెక్ సిటీ’ అనుకునేవారు ఈ కోణం కూడా చూడాలి.

హైటెక్ సిటీ సంగతికి వస్తే, అక్కడ గాలి మారింది. 2024-25 నుంచి ఒక్కో బ్రాంచిలో ఇన్నే సీట్లు అన్న పరిమితిని ఏ.ఐ.సి.టి.ఇ. ఎత్తివేసింది. రాష్ట్రంలో ఇంజనీరింగు సీట్లలో సగానికి పైగా కంప్యూటర్, దాని అనుబంధ బ్రాంచీలవే. మరోవైపు 2025 జూలైలో టి.సి.ఎస్. తన సిబ్బందిలో సుమారు రెండు శాతం, అంటే 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. కొత్తవాళ్లకు ఇచ్చే చిన్న చిన్న పనులు కృత్రిమ మేధ చేసేస్తోంది. దీనికి విరుగుడుగా ‘కృత్రిమ మేధ’ అని పేరున్న బ్రాంచిలో చేర్పిస్తున్నారు. బోర్డు మీద పేరు కన్నా ఆ కళాశాలలో పాఠం చెప్పేవారు ఎవరు, ప్రయోగశాల తలుపు రోజూ తెరుచుకుంటుందా అన్నవే చూడాలి.

డబ్బు తక్కువగా ఉండి తెలివి ఉన్న పిల్లలకు రెండు మూడు దారులు చెబుతాం. బి.ఎస్సీ., బి.సి.ఎ. పట్టభద్రులను విప్రో ఉద్యోగంలోకి తీసుకుని, పని చేయిస్తూనే తన ఖర్చుతో ఎం.టెక్. చదివించే పథకం నడుపుతోంది. హెచ్.సి.ఎల్. ఇంటర్ పాసైనవారికే ‘టెక్‌బీ’ పేరిట శిక్షణ ఇచ్చి, ఉద్యోగంతో పాటు డిగ్రీ చదివిస్తుంది. బి.ఎస్సీ. గణితం చేసినవారు ఈసెట్ రాసి బి.టెక్. రెండో సంవత్సరంలోకి పోవచ్చు. ఎం.సి.ఎ. ఇప్పుడు మూడేళ్లు కాదు, రెండేళ్లే. బి.ఎస్సీ. మూడు, ఎం.సి.ఎ. రెండు కలిపి ఐదేళ్లు. బి.టెక్. కన్నా ఒక్క ఏడాదే ఎక్కువ. ఉర్దూ మాధ్యమం పిల్లలకు 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో బి.టెక్. కంప్యూటర్ సైన్సు కూడా ఉంది. మదర్సాలో హిఫ్జ్ చేసి బడి ఆగిపోయిన అబ్బాయిలు తెలంగాణ ఓపెన్ స్కూలు ద్వారా పది, ఇంటర్ పూర్తిచేసుకోవచ్చు. చాలామంది ఆ సంగతి తెలియకనే దుకాణాల్లో కూర్చుంటున్నారు.

అమ్మాయిల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. “హైదరాబాదు పంపలేం” అన్న మాటతో మార్కులున్న పిల్లల చదువు ఆగిపోతోంది. పంపలేకపోతే మానిపించడం ఒక్కటే మార్గం కాదు. ఐ.ఐ.టి. మద్రాసు 2020లో డేటా సైన్సులో ఆన్‌లైను డిగ్రీ మొదలుపెట్టింది. జె.ఇ.ఇ. అవసరం లేదు. పన్నెండో తరగతి పాసై, పదిలో గణితం, ఇంగ్లీషు చదివి ఉంటే నాలుగు వారాల పాఠాలు విని అర్హతపరీక్ష రాయవచ్చు. పాఠాలు ఇంట్లో, పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు ఫీజులో పెద్ద రాయితీ ఉంది. తేలిక చదువు కాదు, ఇంగ్లీషు గట్టిగా కావాలి. ఇంట్లో ఒక మంచి కంప్యూటరు, ఆగని ఇంటర్నెట్టు ఉండాలి. దుమ్ముగూడెం, చర్ల అడవుల్లో సెల్ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊళ్లకు ఇది పనికిరాదు. భద్రాచలం, మణుగూరు, కొత్తగూడెంలలో ఉండేవారు ఆలోచించదగినది.

కౌన్సెలింగు రోజుల్లో ఇంటర్నెట్ సెంటరు వాడికి పాస్‌వర్డు అప్పగించి ఇంటికి వచ్చేయవద్దు. ఆప్షన్ల వరుస ముందే కాగితం మీద రాసుకుని, పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని నింపించండి. కమీషను కోసం ఏదో ఒక కళాశాల పేరు పైకి ఎక్కించే దళారులు ఉన్నారు. సీటు కేటాయించాక గడువులోగా ఫీజు చెల్లించి ఆన్‌లైనులో ధ్రువీకరించకపోతే ఆ సీటు పోతుంది. ఆ సమాచారం దరఖాస్తులో ఇచ్చిన ఫోను నంబరుకే వస్తుంది కనుక, అక్కడ సెంటరు వాడి నంబరు కాకుండా మీ ఇంటి నంబరే ఉండాలి.