పెద్దలకు పొలమారినప్పుడు

మన పాఠశాలకు వచ్చు పిల్లలలో పలువురు, తల్లిదండ్రులు పనులకు పోయినపుడు, ఇంట తాతకో అవ్వకో అన్నము పెట్టువారు. అట్టి విద్యార్థి యొకడు ‘నీళ్లు తాగినప్పుడల్లా మా తాతకు పొలమారుతుందండి, ఎవరో తలచుకొంటున్నారని అవ్వ అంటుంది’ అని మాతో చెప్పెను. ఈ వ్యాసమునకు ఆ మాటయే కారణము.

ఎప్పుడో ఒకసారి పొలమారుట ఎవరికైనను సహజమే. ప్రతిదినము పొలమారుట మాత్రము వ్యాధిచిహ్నము, ముసలితనమని ఊరకుండరాదు. మనము మ్రింగునపుడు శ్వాసనాళద్వారము క్షణకాలము మూసికొనును. పక్షవాతము, పార్కిన్సను వ్యాధి, మతిమరుపు వ్యాధి మున్నగువానివలన ఈ పొందిక చెడవచ్చును. అప్పుడు అన్నము, నీరు ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలుగు ప్రమాదము కలదు. కొందరికి దగ్గు సైతము రాదు. భోజనానంతరము గొంతు తడితడిగా పలుకుట, మాటిమాటికి జ్వరము, బరువు తగ్గుట మాత్రమే గుర్తులు. గట్టి పదార్థము రొమ్మున అడ్డుపడినట్లు తోచినచో అన్నవాహికయందు దోషముండవచ్చును. దానికి ఎండోస్కోపీ వంటి పరీక్షలు వేరు.

మొదట వైద్యునకు చూపవలెను. మాటలకు చికిత్స చేయు నిపుణులే మ్రింగుటను గూడ పరీక్షింతురని చాలమందికి తెలియదు. బేరియము కలిపిన ఆహారము నిచ్చి, అది దిగు తీరును ఎక్స్‌రే తెరపై చూతురు. లేదా ముక్కుగుండ సన్నని కెమెరా గొట్టమును పంపి గొంతును పరిశీలింతురు. మన నగరమున నిమ్హాన్సునందును, మైసూరున 1965లో స్థాపితమైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థయందును ఇట్టి నిపుణులు కలరు.

చికిత్స కారణమునుబట్టి యుండును: మందులు, గొంతు వ్యాయామములు, ఆహారపు మార్పు. నీరు పలుచన గనుక వేగముగా జారును. పొలమారగానే నీళ్లు పట్టుట మంచిది కాదు. నమలక మ్రింగు రాగిసంగటియు వీరికి అడ్డుపడవచ్చును. కొందరికి చిక్కని రాగిజావ సులభముగా దిగును. కాని ఎంత చిక్కదనము తగునో పరీక్షించినవారే నిర్ణయింపవలెను.

ఇంట పాటింపవలసినవి కొన్ని కలవు. నిటారుగా కూర్చుండబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద దిగిన పిదపనే మరియొకటి పెట్టవలెను. తిన్న తరువాత అరగంట పరుండనీయరాదు. రెండుపూటల నోరు శుభ్రపరుపవలెను. ఊపిరాడక మాట రానిచో తక్షణమే 108కు ఫోను చేయవలెను.

మేము ఆ బాలుని తండ్రికి కబురంపితిమి. ఆ వృద్ధునకు లోగడ స్వల్పముగా పక్షవాతము తగిలినదని పరీక్షలో తేలినది. ఇప్పు డాయన కూర్చుండి, మెల్లగా జావ త్రాగుచున్నాడు. ఇంట పెద్దలను గూర్చి పిల్లలు చెప్పు చిన్నమాటను తల్లిదండ్రులు పెడచెవిని పెట్టకుందురుగాక.